నందివర్ధనము – గృహస్థుని పుష్పకైంకర్యము

శ్రీవైష్ణవ సంప్రదాయమున మూడు దివ్యక్షేత్రములకు మూడు మండపముల పేర్లు కలవు. శ్రీరంగము భోగమండపము, కాంచీపురము త్యాగమండపము, తిరుమల పుష్పమండపము. కొండపై పూచిన ప్రతి పువ్వును శ్రీవారిదే యను భావముతో తిరుమలలో స్త్రీలు సైతము తలలో పువ్వులు ముడువరు. స్వామికి నిత్యము జరుగు తోమాలసేవ పూలమాలల సేవయే. కార్తీకమాసమున శ్రవణా నక్షత్రమునాడు జరుగు పుష్పయాగములో ఉత్సవమూర్తులు పూలరాశిలో మునిగిపోవుదురు. క్షణకాలము దర్శనము లభించిన యాత్రికుని కన్నులలో కూడ ఆ పూదండల శోభ నిలిచిపోవును.

ఇల్లు చేరిన మరునాటి ఉదయము పూజకు కూర్చున్నప్పుడు అదే యాత్రికునికి ఒక కొరత కన్పట్టును. పువ్వులేవి? అంగడిలో కొన్న పొట్లము విప్పినచో నిన్నటి పూలు చెమర్చి నల్లబడి యుండును. అది లేనినాడు తెల్లవారకముందే పొరుగింటి ప్రహరీమీదికి వంగిన కొమ్మకు చేయి చాచుట అలవాటగును. దేవునికే గదా యని సమాధానము చెప్పుకొనువారు కలరు. అట్టి పూజాఫలము కోసినవారికి గాక చెట్టు పెంచినవారికి చెందునని పెద్దలు చెప్పుదురు. పెంచినవారికి ఆ సంగతి తెలియకపోయినను చెందునట!

ఈ కొరతను తీర్చుకొనుటకు పెద్ద తోట అక్కరలేదు. ఒక మొక్క చాలును. ఏ మొక్క యని అడిగినచో, ఆంధ్ర తెలంగాణ సీమల ఎండకు, నేలకు తగినదియు, ఏడాది పొడవున ఆకు రాల్చక పచ్చగా నుండి పూచునదియు, ముల్లు లేనిదియు నగు నందివర్ధనమును మొదట చెప్పవలెను.

పుష్పకైంకర్యమనగానే ముగ్గురు మహనీయులు స్మరణకు వత్తురు. శ్రీవిల్లిపుత్తూరులో నందనవనము పెంచి వటపత్రశాయికి మాలలు సమర్పించిన విష్ణుచిత్తులు మొదటివారు. ఆయన కథను శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదగా తెలుగువారికి అందించెను. గోదాదేవి లభించినది ఆ తోటలోని తులసివనమునందే. రెండవవారు శ్రీరంగమున రంగనాథునికి పూలతోట పెంచిన విప్రనారాయణులు, అనగా తొండరడిప్పొడి ఆళ్వారు. ఆయన విగ్రహమునకు చేత పూలబుట్ట యుండును. మూడవవారు తిరుమలలో సేవించిన అనంతాళ్వారు. మొక్క పెంచదలచిన గృహస్థుడు ఈ మూడవ కథను కొంత నిదానముగా వినవలసియున్నది.

భగవద్రామానుజులు శ్రీరంగమున శిష్యులకు తిరువాయ్మొళి అర్థము చెప్పుచు, తిరువేంకటాద్రిపై పుష్పకైంకర్యము చేయుచు నివసింపగలవారు మీలో ఎవరు కలరని ప్రశ్నించిరి. ఆనాడు తిరుమల అడవి. చలి, జ్వరము, మృగభయము. సభ మౌనము వహింపగా అనంతాళ్వారు ఒక్కరే లేచి నిలిచిరి. గురువుగారి ఆజ్ఞ తీసుకొని భార్యతో కొండ చేరి, వారి పేరిట తోట నాటి, దానికి నీరు కావలెనని చెరువు త్రవ్వుటకు పూనుకొనిరి. ఆయన మట్టి త్రవ్వగా గర్భవతియైన భార్య గంపతో మోసి పోయుచుండెను. ఒక బాలుడు వచ్చి ఆమెకు సాయపడెను. ఈ కైంకర్యములో పరుల సహాయము కూడదని అనంతాళ్వారు వారించినను వినక, ఆయన చూడనప్పుడు గంప అందుకొనుచుండెను. కోపించిన అనంతాళ్వారు గునపము విసరగా బాలుని గడ్డమునకు తగిలెను. తరువాత ఆలయమున చూడగా శ్రీవారి గడ్డమునుండి రక్తము కారుచుండెను. ఆ గాయముపై అద్దిన పచ్చకర్పూరమే నేటికిని స్వామి చుబుకముపై కన్పించు తెల్లని గుర్తు. మహాద్వారము ప్రవేశించునప్పుడు కుడివైపున గోడకు వ్రేలాడు గునపము ఆనాటిదేయని సంప్రదాయము. బ్రహ్మోత్సవములు ముగిసిన మరునాడు జరుగు బాగుసవారి ఉత్సవములో స్వామి అనంతాళ్వారు తోటకు, పురుశైవారి తోటకు, ఇప్పటికిని విచ్చేయును.

ఈ గాథను స్వామి సౌలభ్యమునకు నిదర్శనముగా చెప్పుట పరిపాటి. మొక్క పెంచువారికి అందు మరొక సంగతి గోచరించును. పూలతోటను గూర్చిన ఈ కథలో అధికభాగము చెరువును గూర్చినది, మట్టి గంపలను గూర్చినది. పువ్వు పేరే అందు అరుదుగా వినవచ్చును. గీత తొమ్మిదవ అధ్యాయమున భగవానుడు భక్తునినుండి స్వీకరింతునన్న ఆకు, పువ్వు, పండు, నీరు అను నాలుగింటిలో నీరు చివరిది. తోటమాలి లెక్కలో అది మొదటిది. మొక్కను తెచ్చుటకు ముందే ప్రతిదినము ఆ మొక్కకు చెంబెడు నీరు పోయువారెవరో ఇంటిలో నిర్ణయించుకొనవలెను. అది నిర్ణయము కాని ఇండ్లలోనే ఎండిన కుండీలు ఎక్కువ.

నందివర్ధనమునకు సంస్కృతమున నంద్యావర్తమని పేరు. ఆవర్తమనగా సుడి. ఒంటిరేకు పువ్వును దగ్గరగా చూచినచో ఈ పేరులోని ఔచిత్యము తెలియును. ఐదు తెల్లని రేకులు ఒకే దిక్కునకు కొంచెము మెలితిరిగి చిన్న చక్రమువలె నుండును. చక్రపాణికి చక్రమువంటి పువ్వు! ముద్ద నందివర్ధనములో రేకులు వరుసలుగా పెరిగి గుత్తముగా నుండును. రాత్రివేళ దాని పరిమళము అధికము. వృక్షశాస్త్రజ్ఞులు దీనిని టాబర్నేమోంటానా డైవారికేటా అందురు. ఇందలి రెండవ పదము రెండుగా చీలుచు విస్తరించు కొమ్మల తీరును చెప్పును. ప్రతి కొమ్మ చివర జంటగా చీలును, ఆ చీలికలయందే మొగ్గలు పుట్టును. ఈ చిన్న విషయము కత్తిరింపు సమయమున అక్కరకు వచ్చును.

ఆకు త్రుంచిన తెల్లని పాలు కారును. జిల్లేడు, ఉమ్మెత్త పువ్వులు విష్ణుపూజకు పనికిరావని వినినవారు, పాలుగల ఈ మొక్క పువ్వు మాత్రము తగునా యని సందేహింపవచ్చును. జిల్లేడును, గన్నేరును, నందివర్ధనమును శాస్త్రజ్ఞుల లెక్కలో ఒకే కుటుంబమునకు చెందిన మాట నిజము. అయినను పూజార్హత పాలనుబట్టి నిర్ణయింపబడలేదు. వైష్ణవాలయములలో నందివర్ధనపు మాలలు చిరకాలముగా సమర్పింపబడుచునే యున్నవి. పాలవిషయమున జాగ్రత్త వేరొకటి కలదు. ఈ మొక్క భాగములు లోనికి పోయినచో హానికరము. కాబట్టి ఈ పువ్వును మాలకు, అర్చనకు వాడవలెను గాని తీర్థపాత్రలో వేయరాదు. తీర్థమునకు తులసి యున్నది. కోసిన చేతితో కన్నులు నులుముకొనరాదు, పిల్లలను ఆకు నమలనీయరాదు.

మొక్కను వెలపెట్టి కొననక్కరలేదు. ముద్ద రకము గింజ కట్టుట అరుదు కావున కొమ్మతోనే పెంచుదురు. ఒంటిరేకు రకమునకును అదియే సులువు. ఆషాఢ శ్రావణములలో, తొలకరి తేమ గాలిలో నిలిచిన తరువాత, మరీ లేతయు మరీ ముదురును గాని కొమ్మను జానెడు పొడవున, పెన్సిలంత లావున, కణుపు క్రిందుగా కోయవలెను. కారిన పాలను నీటితో కడిగి, కొంతసేపు నీడన ఆరనిచ్చి, క్రింది ఆకులు తీసి, పై ఆకులను సగమునకు కత్తిరింపవలెను. ఇసుక, మట్టి, చివికిన ఆకుల ఎరువు సమపాళ్లలో కలిపి, అందు రెండు కణుపులు మునుగునట్లు గ్రుచ్చి నీడలో నుంచవలెను. ఆరు మొదలు ఎనిమిది వారములలో వేరు పట్టును. ఈ మధ్యకాలములో వేరు వచ్చినదో లేదో యని పైకి లాగి చూచువారు అనేకులు. అట్లు లాగి చూచిన కొమ్మ బ్రతుకుట కష్టము. క్రొత్త ఆకు విచ్చుటయే వేరు పట్టుటకు గుర్తు. అంతవరకు ఓర్పుతో తడి ఆరకుండ చూచుటయే పని.

పెరటిలో నాటునప్పుడు అడుగున్నర లోతు, అంతే వెడల్పు గుంట త్రవ్వి, త్రవ్విన మట్టిలో బాగుగా చివికిన పశువుల ఎరువు కలిపి నింపవలెను. మొక్క ఆరేడు అడుగులు పెరిగి ప్రక్కలకును విస్తరించును గనుక గోడకు మూడడుగుల దూరమైనను విడువవలెను. దినమునకు ఐదారు గంటలు ఎండ తగులు చోటు మేలు. నీడలోను బ్రతుకును గాని పచ్చని ఆకులు చూచుకొని తృప్తిపడవలసినదే, పూలు తగ్గును. మొదటి వేసవిలో దినము విడిచి దినము నీరు కావలెను. వేరు లోతుకు పోయిన తరువాత వారమునకు రెండు తడులు చాలును. నీరు నిలిచినచో వేరు కుళ్లును. వంటింటిలో బియ్యము కడిగిన నీరు, కూరలు కడిగిన నీరు ఈ మొక్కకు నిరభ్యంతరముగా పోయవచ్చును. సబ్బునీరు, ఉప్పునీరు మాత్రము తగవు.

అపార్టుమెంటులలో నివసించువారు అడుగు వెడల్పు కుండీతో ఆరంభింపవచ్చును. అడుగున రంధ్రముండుట ముఖ్యము. రెండేండ్లకొకసారి మట్టి మార్చి, చుట్టుకొన్న వేళ్లను కొంచెము కత్తిరించి మరల నాటవలెను. మంచు కురియు దేశములలో స్థిరపడిన తెలుగువారు సైతము దీనిని కుండీలో పెంచవచ్చును గాని, శీతకాలమున కిటికీ చెంత వెలుతురులోనికి లోపల చేర్చవలెను. గడ్డకట్టు చలికి ఇది నిలువదు.

కొంతకాలమునకు కొన్ని ఇండ్లలో లేత ఆకులు పసుపురంగునకు తిరిగి, ఈనెలు మాత్రము పచ్చగా మిగులును. సున్నపుపాలు అధికముగా గల నేలలలోను, ఉప్పు తేలిన బోరునీరు పోయుచోట్లను ఇది సాధారణము. మట్టిలో ఇనుమున్నను వేరు దానిని గ్రహింపలేకపోవుటయే కారణము. లీటరు నీటికి ఐదు గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, వారమునకొకసారి చొప్పున రెండు మూడు సార్లు సాయంకాలము ఆకులపై చల్లినచో పచ్చదనము తిరిగి వచ్చును. ఎరువు చాలలేదని తలచి గుప్పెళ్లకొద్ది యూరియా వేయువారు మొక్కను మరింత కష్టపెట్టినవారగుదురు.

పిండినల్లి, పొలుసుపురుగు పట్టిన కొమ్మలపై జిగురు కారి, దానిపై మసివంటి నలుపు క్రమ్మును. చీమల బారులు కన్పించినచో పిండినల్లి ఉన్నట్లే తలచవలెను. మొదట నీటిధారతో కడిగి, పిమ్మట కుంకుడు రసము, లేదా లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె కొంచెము సబ్బుతో కలిపి చల్లవలెను. అంగడిలో దొరకు తీవ్రమైన క్రిమిసంహారకములు పూజాపుష్పపు మొక్కకు తగవు. వానిలో కొన్ని మొక్కలోనికి ఇంకి పువ్వువరకు పోవును. ఆ పువ్వు స్వామి పాదములపై కొంతసేపే యుండును. కట్టిన ఇల్లాలి వ్రేళ్లకు, ప్రసాదముగా కన్నులకద్దుకొను పిల్లలకు, మకరందమునకు వచ్చు తేనెటీగకు ఆ విషము అంటుకొనును.

ఇక అసలు పరీక్ష పచ్చని గొంగళిపురుగుతో వచ్చును. ఇది వ్రేలంత లావుండును. ముందువైపున కన్నులవలె రెండు నీలి మచ్చలు, తోకవైపున చిన్న కొమ్ము. గన్నేరుపైనను నందివర్ధనముపైనను పెరుగును. రెండు రాత్రులలో ఒక కొమ్మను బోడిచేయగలదు. నిత్యపూజకని పెంచిన మొక్క ఈ స్థితికి వచ్చుట చూచి గృహస్థునికి కోపము వచ్చుట సహజమే. భగవంతునికి ప్రీతికరములైన ఎనిమిది భావపుష్పములలో అహింస మొదటిదని ప్రతిదినము పూజలో స్మరించువాడు, ఆ పూజకు పువ్వు కావలెనని ప్రాణిని కాలిక్రింద నలుపవచ్చునా?

అనంతాళ్వారు కథలోనే ఒక చిన్న సంఘటన కలదు. కొండనుండి స్వగ్రామమునకు పోవుచు దారిలో ప్రసాదపు మూట విప్పగా అందు చీమలు కన్పించినవి. తిరుమలపై నివసించు భాగ్యము కోరి మహాత్ములెందరో జన్మలెత్తియుందురు, వీనిని ఆ కొండకు దూరము చేయుట అపచారమని తలచి, ఆయన ప్రయాణము మాని వెనుకకు కొండెక్కి వానిని విడిచి వచ్చెనట. అంతటి నడక గృహస్థునికి అవసరము లేదు. ఉదయమున ఆకుల క్రింద నల్లని గుళికలవంటి పెంట రాలియున్న చోట పైకి చూచిన పురుగు దొరకును. ఆకుతో సహా దానిని త్రుంచి వీధిచివర గన్నేరు పొదపై విడిచినచో, అది అక్కడ పెరిగి, పచ్చని రెక్కల శలభమై, రాత్రివేళ పూలను వెదకుచు తిరుగును. దినమునకు ఒకటి రెండు పురుగులకు ఈ ఉపాయము చాలును. కొన్ని ఆకులు పోవుట తప్పదు. మొక్క అందువలన చావదు, నెలదినములలో మరల చిగిర్చును. ఆ నెల పూజకు పూలు తగ్గినచో తులసిదళము కలదు గదా.

కోతకును కొన్ని నియమములున్నవి. స్నానానంతరము, సూర్యోదయవేళ, తడి ఆరని పువ్వును మెల్లగా తొడిమతో త్రుంచి సజ్జలో వేయవలెను. కొంగులో మూటగట్టుట, వాసన చూచుట, నేల రాలినదానిని ఏరుట పెద్దలు నిషేధించిరి. మొగ్గలతో అర్చింపరాదని పూజావిధులలో కలదు. తామరకును సంపెంగకును మాత్రము మినహాయింపు. నందివర్ధనము తెల్లవారునప్పటికి నిండుగా విచ్చియుండును గనుక ఇంటి పూజలో ఈ చిక్కు రాదు. కోసిన పువ్వులను తడిగుడ్డపై కొంతసేపు పరచినచో తొడిమ పాలు ఆరిపోవును. అప్పుడు అరటినారతో మరువము, తులసి నడుమ చేర్చి కట్టిన దండ మధ్యాహ్నమువరకు వాడదు. పూచినవన్నియు కోయుట మంచిది కాదు. మొక్కపై నాలుగైదు పువ్వులను విడిచిపెట్టు ఇండ్లు కలవు. అవియు స్వామికే పూచినవని వారి భావము.

మరునాడు తీసిన నిర్మాల్యమును త్రొక్కుచోట పారవేయరాదు, పాలుగల పువ్వు కావున పశువులకును వేయరాదు. తిరుమలలో పూర్వము శ్రీవారి నిర్మాల్యమును ఆలయములోని పూలబావిలో వేయుచుండిరి. 2021వ సంవత్సరమునుండి తిరుమల తిరుపతి దేవస్థానమువారి ఆలయములలో వాడిన పూలతో తిరుపతిలో అగరువత్తులు తయారగుచున్నవి. ఇంటిలో మొక్క మొదటనే చిన్న గుంట తీసి నిర్మాల్యమును వేసి మట్టి కప్పిన చాలును. రెండు మూడు నెలలలో అది ఎరువగును.

మిగిలినది కత్తిరింపు. పూచు కొమ్మను కత్తిరించుటకు చాలమందికి చేయి రాదు. కాని మొగ్గలు క్రొత్త చిగుళ్ల చీలికలయందే పుట్టునని ముందు చెప్పబడినది. ముదురు కొమ్మలను అట్లే విడిచినచో మొక్క పైకి పెరిగి, క్రింద బోడియై, పూలు చేతికందనంత ఎత్తున పూయును. కావున ఏడాదికొకసారి, వానలకు ముందు, కొమ్మల పొడవులో మూడవవంతు తీసివేయవలెను. ఎండిన కొమ్మలను, ఒకదానితో నొకటి రాచుకొను కొమ్మలను మొదలంట కోయవలెను. నెలన్నర రెండు నెలలలో ప్రతి కోతచోట రెండేసి చిగుళ్లు వచ్చి మొగ్గతొడుగును.

తొలకరి ఆలస్యమైన ఏట ఈ కత్తిరింపు ఆషాఢమున పడును. కొమ్మలు గ్రుచ్చుటకును అదియే అదను. తీసిన కొమ్మలలో పదునుగల నాలుగింటిని పాత డబ్బాలలో గ్రుచ్చి నీడనుంచినచో దసరానాటికి వేరు పట్టిన మొక్కలు సిద్ధమగును. అందొకటి, తెల్లవారుజామున ప్రహరీమీదుగా చేయి చాచు పొరుగింటివారి గడపకు ఇల్లాలు స్వయముగా తీసికొనిపోయి, నీరు పోయవలసిన తీరు చెప్పి ఇచ్చిరావలెను.